స్పేర్ కీ ఎక్కడ దాచాలి?

స్మార్ట్ కీ లేని సంసారం ఒక సంసారమేనా! ఊరికే అనడం లేదు. కారు కొన్నప్పటి నుంచి మా ఇంట్లో పెరిగిన క్రమశిక్షణ, ఐకమత్యం కళ్ళారా చూసి అంటున్నాను.

పూర్వం తాళంచెవి అని ఒకటుండేది. తిప్పితే తిరిగేది, మేకుకు తగిలిస్తే వేలాడేది. అంతకుమించి దానికేమీ తెలియదు. అలాంటి మొద్దు వస్తువుతో మనిషికి బాధ్యత ఎలా అలవడుతుంది?

స్మార్ట్ కీ అలా కాదు. జేబులో ఉంటే చాలు, దాని సిగ్నల్‌కే కారు తలుపు తెరుచుకుంటుంది. దానికి తడి తగలకూడదు, ఎండ పడకూడదు. దాని బ్యాటరీ నీరసించకుండా మనం కనిపెట్టుకుని ఉండాలి. అమ్మాయిని పెంచేటప్పుడు కూడా నేనింత శ్రద్ధ చూపలేదని మా ఆవిడ దెప్పుతుంది. ఏం చేస్తాం? అమ్మాయి తడిస్తే తుమ్మి ఊరుకునేది. కీ తడిస్తే షోరూమ్ చుట్టూ తిరగాలి!

ఇక జ్ఞానబోధ చేసినవాడు మా బావమరిది. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని, అందువల్ల ప్రపంచంలోని దొంగతనాలన్నీ వాడికి కంఠతా వచ్చు.

"బావా, దొంగలు గేటు బయట నిలబడే ఇంట్లో ఉన్న కీ సిగ్నల్ లాగేస్తున్నారు, తెలుసా? కీని మైక్రోవేవ్‌లో పెట్టి తలుపేసెయ్. సిగ్నల్ బయటికి రాదు."

ఆ పూట నుంచే మా కీ మైక్రోవేవ్‌లో కాపురం పెట్టింది.

మరి స్పేర్ కీ? రెండు కీలనూ ఒకేచోట పెట్టేవాడు అసలు గృహస్థుడేనా? దాన్ని నేనొక్కడినే ఆలోచించి, నేనొక్కడినే దాచాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే వాళ్ళ తమ్ముడికి చెబుతుంది.

అమ్మాయి మొదటి పరీక్ష రోజు రానే వచ్చింది. ఏడాదంతా నిద్ర మానుకుని చదివిన పిల్ల. ఆలస్యమైతే హాల్లోకి రానివ్వరు. మా అత్తగారు మనవరాలి మీద ప్రేమకొద్దీ పాలు వేడిచేద్దామని గ్లాసు మైక్రోవేవ్‌లో పెట్టి బటన్ నొక్కారు. టపటపమని మెరుపులు, ఇల్లంతా కమురు కంపు! ఆవిడ తప్పేమీ లేదు. పాలు పెట్టాల్సిన చోటే పెట్టారు. బ్యాటరీ అయిపోతే తలుపు తీసుకోవడానికని కీ లోపల ఒక చిన్న ఇనుప తాళంచెవి ఉంటుంది. అదీ కరిగిన ప్లాస్టిక్ ముద్దలో కూరుకుపోయింది.

"స్పేర్ ఎక్కడ పెట్టారండీ?" అంది మా ఆవిడ.

"దొంగ కల్లో కూడా ఊహించని చోట."

"అదే, ఎక్కడా అని!"

"కార్లోనే. డిక్కీలో, స్టెప్నీ కింద."

అమ్మాయి ముఖం విప్పారింది. "కీ లోపలుంటే డోర్ దానంతటదే తెరుచుకుంటుంది కదా నాన్నా?"

"తెరుచుకోదమ్మా. సిగ్నల్ రాకుండా మూడు పొరల సిల్వర్ ఫాయిల్ చుట్టాను" అన్నాను. చెప్పకేం, కాస్త గర్వంగానే అన్నాను.

ఐకమత్యమంటే అప్పుడు చూడాలి! నలుగురం నాలుగు తలుపుల దగ్గర నిలబడి హ్యాండిళ్ళు లాగాం. ఫాయిల్ పనితనానికి లోటు లేదు, ఒక్క తలుపూ కదల్లేదు. క్యాబ్ వాడు వస్తానని రాలేదు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ బస్సు కోసం పరుగెత్తింది. పరీక్ష సెంటర్ గేటు మూసేస్తుండగా దూరిందట. ఆ కంగారులో జవాబు తెలిసిన ప్రశ్న కూడా సగమే రాసి వచ్చింది.

మా ఆవిడ ఒక్క మాటే అడిగింది. "దొంగల నుంచి కాపాడారు, బాగానే ఉంది. మన నుంచి కాపాడమని ఎవరు చెప్పారు?"

పాఠకులారా, ఇంత పటిష్ఠమైన భద్రత మీ ఇంట్లో ఉందా? నిజానికి మా వీధిలోకి ఇంతవరకు ఏ దొంగా రాలేదు. ఆ కారు ఎక్కనివ్వకుండా స్మార్ట్ కీ ఆపింది మమ్మల్నే.

షోరూమ్ వాళ్ళు కొత్త కీ తెచ్చి కారు తెరిచారు. స్పేర్‌ని మా ఆవిడ తన బీరువాలో పెట్టుకుంది. రెండో పరీక్ష నాడు నేను పొద్దున్నే కారు తుడిచి, కీ చేత్తో పట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డాను.

"రా అమ్మా, దింపుతాను."

అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని బస్సు స్టాపు వైపు తిరిగింది.

"ఇవాళ వద్దు నాన్నా. పరీక్ష ఉంది."