ఊరంతటికీ ఒకే సైలెన్సర్

పెట్రోలు అయిపోతుంది. డీజిల్ అయిపోతుంది. ఎంత వాడినా అయిపోనిది సలహా ఒక్కటే. పైగా దానికి పొగ రాదు. అందుకే చెబుతున్నాను, ప్రభుత్వం ఒక ఊరికి ఇవ్వగలిగిన వాటిలో సలహాను మించిన వరం లేదు. రోడ్డు వేస్తే గుంటలు పడతాయి. పైపు వేస్తే కారుతుంది. సలహా మాత్రం ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే మెరుస్తూ ఉంటుంది. ఎందుకంటే దాన్ని ఎవరూ వాడరు.

మేం వాడాం. మాది సెర్బియా కొండల్లో బ్రెజానా. కారు ఎలా నడిపితే ఇంధనం మిగులుతుందో, గాలి ఎలా శుభ్రపడుతుందో చెప్పడానికి పట్నం నుంచి నెబొయ్షా గారని ఒక పర్యావరణ సలహాదారు చలికాలంలో మా ఊరి హాలుకి వచ్చారు. ఊరంతా వెళ్లింది. హాల్లో పొయ్యి వెలిగిస్తారని పుకారు పుట్టింది మరి.

పొయ్యి వెలిగించలేదు. కట్టెల పొగ కాలుష్యమట.

ఆయన మంచి మాటలే చెప్పారు. బండిని ఊరికే ఆన్‌లో ఉంచకండి. డిక్కీలో అనవసరమైన బరువు మోయకండి. నాలుగు పనులు ఒకే ప్రయాణంలో ముగించండి. టైర్లలో గాలి చూసుకోండి, ఫిల్టర్లు మార్చుకోండి. నా పెళ్లికి సాక్షిగా నిలిచిన మిలుటిన్ నా పక్కనే కూర్చున్నాడు. అలా నిలిచినవాణ్ని మేం కూమ్ అంటాం. సొంత అన్నదమ్ములతో మాట్లాడటం మానేసిన మనిషి కూడా కూమ్‌తో మానడు. అతను చెయ్యెత్తాడు.

"సారూ, బయట మీ బండి ఆన్‌లోనే ఉందండి."

"మా డ్రైవర్ లోపల కూర్చున్నాడు తాతా. చలి కదా."

"మాకూ చలేస్తోంది సారూ. మేం కూడా వెళ్లి అందులో కూర్చోమంటారా?"

నెబొయ్షా గారు నవ్వి, ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో దెసాంకా లేచింది. నా పక్కింటావిడ, యాభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు పట్నంలో డయాలసిస్‌కి వెళ్లాలి. వెళ్లకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

"అయ్యా, ఈయన నన్ను తన కారులో తీసుకెళ్తాడు," అని నన్ను చూపించింది. "అది పొగ కక్కుతుంది. దగ్గు నాకే వస్తుంది. మీరు చెప్పినవాటిలో నాకు పనికొచ్చేది ఏదో ఒక్కటి చెప్పండి."

"వీలైనంతవరకు ప్రజా రవాణా వాడండమ్మా. అదే అన్నిటికన్నా మంచిది."

హాలు ఘొల్లుమంది. మేం అంతసేపు నవ్వి చాలా కాలమైంది. నెబొయ్షా గారు మెప్పనుకుని తల వంచి నమస్కరించారు.

బ్రెజానాకి బస్సు లేదు. ఉండేది. ఎక్కేవాళ్లు తక్కువని, ఇంధనం దండగని పోయినేడు వసంతకాలంలో ఆపేశారు. నా భార్య రదోయ్కా బతికున్నన్నాళ్లూ ఆ బస్సులోనే ఆస్పత్రికి వెళ్లింది. అయినా చనిపోయింది. కాబట్టి బస్సు వల్ల ఎవరూ బతకరని అధికారులు వాదించవచ్చు.

కానీ పాఠకులారా, మేం సలహాలు పాటించనివాళ్లమని మాత్రం అనకండి. ఇంధనం ఆదా చేయడంలో మమ్మల్ని మించినవాళ్లు ఈ ఖండంలో ఉన్నారా?

అనవసరమైన బరువు మోయొద్దన్నారు. మేం ఎప్పుడో దించేశాం. సైలెన్సర్‌లో పొగను వడకట్టే డబ్బా ఒకటి ఉంటుంది, బరువైనది. అది మూసుకుపోతే కొత్తది కొనడం కన్నా కోసి పారేయడం సులువు. మా కార్లన్నీ జర్మనీలో మూడు నాలుగు చేతులు మారి వచ్చినవి. అక్కడివాళ్లు తమ గాలి శుభ్రం చేసుకుంటూ పొగను మాకు చవగ్గా అమ్మారు. మేం బేరమాడి కొనుక్కున్నాం.

ఇంజిన్ అనవసరంగా ఆన్‌లో ఉంచొద్దన్నారు. కనుమ దాటాక కిందికి దిగేటప్పుడు అసలు ఇంజినే ఆపేస్తాం. న్యూట్రల్‌లో వేసి వదిలేస్తే బండి తనే పోతుంది. కాసేపటికి బ్రేకు బిగుసుకుంటుంది. తర్వాత స్టీరింగ్. ఆ తర్వాత లోపల కూర్చున్నవాళ్లు. మూడు వేళ్లు కలిపి శిలువ గుర్తు వేసుకుంటూ దిగుతాం. పక్క ఊరివాడొకడు మలుపు తిరగలేక ప్లమ్ తోటలో ఆగాడు. ఆ రోజు నుంచి అతను చుక్క డీజిల్ వాడలేదు. మలుపు దగ్గర రాతి శిలువ మీద ఫొటోలో ఉన్నాడు, నవ్వుతూ. ఇంత ఆదా చేసినవాణ్ని మీరెక్కడైనా చూశారా?

నాలుగు పనులు ఒకే ప్రయాణంలో అన్నారు. నా కారులో ముందు సీట్లో దెసాంకా, వెనక ముగ్గురు, వాళ్ల ఒళ్లో మిరపకాయల బస్తా, ఒకసారి మందు వేయించాల్సిన గొర్రె. దెసాంకా సూదులకి వెళ్తే మిగతావాళ్లు బ్యాంకుకీ బజారుకీ పోతారు. గొర్రె నాతో కారులో ఉంటుంది. అందరిలోకీ అదే తక్కువ మాట్లాడుతుంది.

ఇక పరికరాలు పంచుకోవడం. ఇది నెబొయ్షా గారు చెప్పలేదు, మేమే కనిపెట్టాం. ఏటా ప్రతి కారుకీ ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. వెనక గొట్టంలో కొలిచే పైపు పెట్టి పొగ చూస్తారు. మా ఊరి మొత్తానికి లోపలి డబ్బాతో సహా మంచి సైలెన్సర్ ఒక్కటే ఉంది, మిలుటిన్ పాకలో. ఏ కారుకైనా అమరేలా అతను దానికి రకరకాల మూతులు వెల్డింగ్ చేశాడు. పరీక్ష ఉన్నవాడు దాన్ని బిగించుకుని వెళ్తాడు, పాసై వస్తాడు, విప్పి తిరిగి ఇస్తాడు. తోడుగా ఒక సీసా రకియా, అంటే మా ప్లమ్ పళ్ల సారా. ఊరంతా ఒకే ముక్కుతో ఊపిరి పీల్చడమన్నమాట. పిల్లని చూడటానికి వెళ్లేటప్పుడు ఒకే మంచి కోటు నలుగురు వంతులవారీగా తొడుక్కోవడం లేదా? ఇదీ అంతే.

ఈ ఏర్పాటులో ఒక్క చిక్కు ఉంది. పరీక్షలు వేర్వేరు రోజుల్లో పడాలి. మావి పడవు. బస్సు ఆగిన వారంలోనే ఊరంతా పాకల్లోంచి కార్లు బయటికి లాగి రిజిస్టర్ చేయించాం. దాంతో అందరి గడువూ ఏటా ఒకే వారంలో తీరుతుంది. బస్సు ఆపినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు. గుర్తొచ్చేసరికి వసంతం వచ్చేసింది.

అలా ఈ ఏడు ఒకే ఉదయం మేమంతా పట్నంలోని పరీక్షా కేంద్రం ముందు వరుస కట్టాం. ఒక కారు లోపలికి పోతుంది, పాసై వస్తుంది. పక్కనున్న కట్టెల కోత మిల్లు గోడ వెనక మిలుటిన్ దాని కింద దూరి సైలెన్సర్ విప్పుతాడు, తర్వాతి కారుకి బిగిస్తాడు. అది చల్లారే తీరిక లేదు. చేతి తొడుగులు కాలి వాసన వస్తున్నాయి.

చివరిది నా కారు. దెసాంకాని ఆ రోజు డయాలసిస్ నుంచి నేరుగా అక్కడికే తీసుకొచ్చాను. రక్తం కడిగించుకున్న రోజు ఆవిడకి ఒళ్లంతా వణుకు. దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఇది పాసవ్వకపోతే ఎల్లుండి నేనెలా వెళ్లాలి స్తొయాన్ అన్నా?"

"పాసవుతుంది."

"నన్ను దిగమంటావా? బరువు తగ్గుతుంది."

"నువ్వు బరువేంటి, దుప్పటి నీకన్నా బరువు. కదలకుండా కూర్చో."

మా కార్లు చూసే ఇన్స్పెక్టర్ రాదిశా మంచివాడు. గుడ్డివాడు కాడు, చూడకూడనివి చూడని మంచితనం అతనిది. వంగి నా సైలెన్సర్‌ని చూశాడు.

"ఇది పొద్దుట్నుంచి నాకు చాలాసార్లు కనబడిందే," అన్నాడు.

"అందరి సైలెన్సర్లూ ఒకేలా ఉంటాయి బాబూ," అన్నాడు మిలుటిన్.

"అందరివీ ఇదే చోట సొట్టబోతాయా పెద్దాయనా?"

"మా రోడ్లు అలాంటివి మరి."

రాదిశా నవ్వు ఆపుకుని కొలిచే పైపు గొట్టంలో పెట్టాడు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. తొక్కాను. విప్పి బిగించి విప్పి బిగించి అలిసిపోయిన వెల్డింగ్ అక్కడ ఊడింది. సైలెన్సర్ ధన్‌మని నేలమీద పడింది, కొలిచే పైపుతో సహా. కారు కింద తెగిన గొట్టంలోంచి నల్లటి పొగ మేఘంలా లేచింది. వెనక నేలమీద ఆ సైలెన్సర్ ప్రశాంతంగా పడుకుని ఉంది. మెషీన్ మీద పచ్చదీపం వెలిగింది. అంత శుభ్రమైన గాలి ఆ కేంద్రంలో ఎప్పుడూ నమోదు కాలేదట.

రాదిశా దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"సైలెన్సర్ పాసైంది. కారు ఫెయిలైంది."

"రాదిశా, నాయనా, ఈ ఒక్కసారికి," అన్నాడు మిలుటిన్. "ఆవిడ కిడ్నీ పేషెంటు."

రాదిశా గోడవైపు చూపించాడు. కొత్త కెమెరా. "నేను చూడకపోయినా అది చూసింది. పొద్దుట్నుంచి పాసైన మీ ఊరి బళ్లన్నీ వెనక్కి తీసుకురండి. నన్ను తిట్టుకోకండి."

తిట్టుకోలేదు. అతను మంచివాడని ముందే చెప్పాను. ఆ సాయంత్రానికి బ్రెజానాలో రోడ్డెక్కగల కారు ఒక్కటీ లేదు. నెబొయ్షా గారి కల నెరవేరింది. ఇంధన వినియోగం శూన్యం. గాలి స్ఫటికం. కనుమ మీద కోకిల కూత ఇళ్లలోకి వినబడింది. ఎవరికి కావాలి కోకిల?

దెసాంకా తన గుమ్మం దగ్గర కూర్చుని ఎల్లుండి గురించి ఆలోచించింది. నేను ఆస్పత్రికి ఫోన్ చేశాను. గతంలో ఒకసారి బండి అడిగితే, తీసుకొచ్చేవాడు ఉన్నాడు కాబట్టి బండి పంపం అన్నారు. ఇప్పుడు తీసుకొచ్చేవాడికి కారు లేదు. రూలు మా వైపుకి తిరిగింది. పంపుతాం అన్నారు.

వచ్చింది. తొమ్మిది మంది కూర్చోగల వ్యాను, ఖాళీగా. కనుమ ఎక్కేటప్పుడు నా కారు కన్నా ఎక్కువ పొగ. డ్రైవర్ ఒక్కడు, రోగి ఒక్కతె. ఖాళీగా రావడం, ఖాళీగా పోవడం, వారానికి మూడుసార్లు. బస్సులో జనం తక్కువని బస్సు ఆపారు కదా? ఇప్పుడు జనమే లేని బండి నడుపుతున్నారు. ఇంత సూక్ష్మమైన పొదుపు పట్నంలో చదువుకున్నవాళ్లకే సాధ్యం. మేం ఊరి బడిలో ఆగిపోయాం.

మిగతావాళ్లని ఎక్కించుకోరు. రోగికి మాత్రమే. కానీ రూలులో ఒక దయ ఉంది, రోగి వెంట తోడుగా ఒకరు రావచ్చు.

ఆ ఒక్క సీటు మా ఊరి బస్సు. ఎవరికి పట్నంలో పనుంటే వాళ్లు దెసాంకాకి తోడు. పింఛను తెచ్చుకునే మిలుటిన్ తోడు. పన్ను పీకించుకునేవాడు తోడు. "ఈయన మీకేమవుతాడు?" అని డ్రైవర్ అడిగితే "బాబాయి" అంటుంది. తర్వాతిసారి వచ్చినాయన మేనమామ. ఇంతమంది చుట్టాలున్న ఆడమనిషిని తన ఉద్యోగంలో చూడలేదన్నాడట డ్రైవర్.

దాంతో దెసాంకా రవాణా మంత్రి అయింది. ఉప్పు ఆవిడకి పడదని ఉప్పులేని జున్ను చేసి తెస్తారు. బావి నుంచి బకెట్ మోయనివ్వరు. ఎర్ర మిరప పచ్చడి సీసా ఆవిడ గుమ్మం ముందు నుంచి తీసుకెళ్తే, డాక్టరు వద్దన్నాడు కదా, చూపించడం ఎందుకని కోప్పడతారు. రదోయ్కాకి జబ్బు చేసినప్పుడు ఈ ఊళ్లో ఎవరూ ఒక గిన్నె సూప్ తేలేదు. అప్పుడు బస్సు ఉండేది కదా.

కాబట్టి పాఠకులారా, బస్సు ఆపడం వల్ల మనుషుల్లో ప్రేమ పెరుగుతుందని రుజువైంది. మీ ఊళ్లో కూడా ఆపించుకోండి.

ఇలా ముగిద్దామనుకున్నాను. కానీ పోయిన ఆదివారం చర్చి దగ్గర దెసాంకా అందరికీ ఒక కబురు చెప్పింది. తమ్ముడి కిడ్నీ సరిపోయిందట. శరదృతువులో ఆపరేషన్. ఆ తర్వాత సూదులు లేవు, వ్యాను లేదు. ఉప్పు కూడా తినొచ్చట, కొద్దిగా.

అందరి చూపూ వ్యాను ఆగే చోటికి పోయింది. ఎంతసేపో కాదు, ఒక ఊపిరి తీసుకునేంతసేపు. తర్వాత అందరం ఒకేసారి మాట్లాడాం. దేవుడు చల్లగా చూశాడన్నాం. ముద్దులు పెట్టాం. మిలుటిన్ మాత్రం అడిగేశాడు.

"శరదృతువులోనేనా? డాక్టర్లు తొందరపడట్లేదు కదా?"

దెసాంకా అతని ముఖం చూసింది. తర్వాత మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. నా ముఖం కూడా.

"భయపడకండి," అంది నవ్వుతూ. "ఆపరేషన్ అయ్యాక కూడా చెకప్‌కి పిలుస్తారట. నెలకోసారైనా వ్యాను వస్తుంది. మిమ్మల్ని తీసుకెళ్తాను."

నెబొయ్షా గారూ, మీరు ఎక్కమన్న ఆ లేని బస్సుని క్షమిస్తాను. మీ సలహాలనీ క్షమిస్తాను, కొన్ని నిజంగానే మంచివి. కానీ తను బతకబోతున్నందుకు ఒక ఆడమనిషి ఊరికి సంజాయిషీ చెప్పుకుంది. నేను అక్కడే నిలబడి విన్నాను. విని, వ్యాను పూర్తిగా ఆగిపోదని నా లోపల కాస్త ఊరట కలిగింది. ఆ ఊరటని నాకు తెచ్చిపెట్టినందుకు మిమ్మల్ని క్షమించను.