ఫిర్యాదుకు ముందొక పజిల్

ఇకపై దేశంలో ఏ పౌరుడూ బుర్రకు పదును పెట్టకుండా ఫిర్యాదు చేయాల్సిన దుస్థితి ఉండదని కేంద్ర పౌర సౌలభ్య శాఖ మంత్రివర్యులు సగర్వంగా ప్రకటించారు. శాఖవారి ఫిర్యాదుల పోర్టల్ తెరవగానే ముందొక బొమ్మల పజిల్ వస్తుంది. ముక్కలన్నీ పేర్చి బొమ్మ పూర్తి చేస్తేనే ఫిర్యాదు రాసుకునే పెట్టె తెరుచుకుంటుంది. కోపంగా వచ్చినవాడు ఆ లోపు చల్లబడతాడని మంత్రిగారి దూరదృష్టి. ఆ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చప్పట్లు కొట్టడం నా డ్యూటీయే అయినా, ఆ రోజు మాత్రం మనస్ఫూర్తిగా కొట్టాను.

పజిల్ తయారుచేసింది ఎల్సా. ఏలూరు అమ్మాయి, మా దగ్గర కాంట్రాక్టు ప్రోగ్రామర్. నెలాఖరుకి ఆ కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగిస్తేనే చెల్లెలి నర్సింగ్ చదువు సాగేది. అందుకే పాపం ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. పజిల్‌కి మూడు స్థాయిలు పెట్టింది: తేలిక, మధ్యస్థం, కష్టం.

జాయింట్ సెక్రటరీ సదాశివరావుగారు స్క్రీను చూసి అదిరిపడ్డారు.

"కష్టమా? సర్కారు స్క్రీను మీద కష్టం అని రాస్తావా? ఎవరికమ్మా కష్టం?"

"ఆడేవాళ్ళకి సర్, ముక్కలు ఎక్కువ కదా..."

"రేపు పేపరోళ్ళు చూస్తే ప్రజలకి కష్టాలున్నాయని మనమే ఒప్పుకున్నట్టు అవదూ?"

వెంటనే నామకరణ కమిటీ వేశారు. సమోసాలు రెండోసారి తెప్పించేసరికి పరిష్కారం దొరికింది. పేర్లు హోదాను బట్టి ఉండాలి. కష్టం ఇకపై 'మంత్రి స్థాయి'. మధ్యస్థం 'జాయింట్ సెక్రటరీ స్థాయి'. తేలిక 'పౌర స్థాయి'. ఎవరి గుర్తింపు నంబరు కొడితే వాళ్ళ స్థాయి తెరుచుకుంటుంది. ఇంత న్యాయమైన ఏర్పాటు నా సర్వీసులో చూడలేదు.

చిక్కల్లా రిహార్సల్‌లో వచ్చింది. మంత్రి స్థాయిలో వందముక్కల బొమ్మ, సాక్షాత్తూ మంత్రిగారి ఫోటోయే. ఆయన చాలాసేపు శ్రమించి తన ముక్కును తీసుకెళ్ళి చెవి పక్కన పెట్టారు.

"ఇదేంటయ్యా, అతకట్లేదు?" అన్నారు.

"సాఫ్ట్‌వేర్ లోపం సర్" అన్నారు సదాశివరావుగారు. ఎల్సా ఏదో అనబోయి, నెలాఖరు గుర్తొచ్చి ఊరుకుంది.

ముక్కలు తగ్గించారు. యాభై అయినా, పది అయినా ముక్కు చెవి దగ్గరే ఉంది. చివరికి ఒకే ముక్క మిగిల్చారు. మంత్రిగారు వేలు పెట్టగానే బొమ్మ పూర్తయింది. అప్పుడు సదాశివరావుగారికి చెమటలు పట్టాయి. తన స్థాయి పజిల్ మంత్రిగారి దానికన్నా కష్టంగా ఉంటే ఎంత అమర్యాద! సమానంగా ఉన్నా అమర్యాదే. అందుకని ఆ స్థాయిలో ముక్కలే లేకుండా చేయించారు. తెరిచేసరికే పూర్తయి ఉంటుంది.

"మరి తీసేసిన ముక్కలు డిలీట్ చేసేయనా సర్?" అడిగింది ఎల్సా.

"హరే! ప్రభుత్వ ఆస్తమ్మా అది! తీసేయాలంటే కమిటీ కూర్చోవాలి, పనికిరావని సర్టిఫై చేయాలి, వేలం వేయాలి. ఎక్కడో ఓ చోట సర్దు."

సర్దడానికి పౌర స్థాయి ఒక్కటే మిగిలింది. అక్కడున్నది నాలుగు ముక్కల మామిడిపండు. ముక్కలన్నీ అందులో కలిపేశారు. పౌరుడికి మరీ ఎక్కువైందేమోనని నేను గొణిగాను.

"ప్రజాస్వామ్యంలో పౌరుడే అందరికన్నా గొప్పవాడండీ. పెద్ద పజిల్ ఆయనకే దక్కాలి" అన్నారు మంత్రిగారు. నా కళ్ళు చెమర్చాయి.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. మంత్రిగారు ఒక్క వేలితో మంత్రి స్థాయిని జయించడం అన్ని టీవీలూ చూపించాయి. తర్వాత వారమంతా ఒక్క ఫిర్యాదూ రాలేదు. దేశంలో సమస్యలు సమసిపోయాయని శాఖ ప్రకటించింది. ఫిర్యాదులే లేనప్పుడు వాటి పోర్టల్‌కి ప్రోగ్రామర్ దేనికని, ఎల్సా కాంట్రాక్టు పొడిగించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అశోకా రోడ్డులోని తెలుగువాళ్ళ క్యాంటీనుకి భోజనానికి వెళితే ఎల్సా కనిపించింది. విస్తరి ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంది. సాంబారు చల్లారిపోయింది.

"పొడిగించలేదని ఫిర్యాదు పెడదామనుకున్నా అంకుల్. ఆఫీసు నంబరు తీసేశారు కదా, పౌర స్థాయి తెరుచుకుంది."

"నువ్వు చేసిందేగా అమ్మా, నిమిషంలో అయిపోదూ?"

"మామిడిపండు ఎప్పుడో పేర్చేశాను. మిగతావి కూడా అందులోనే అతికించమంటోంది." ఆమె వేలి కింద మంత్రిగారి ముక్కు అటూ ఇటూ తిరుగుతోంది. "ఎక్కడ పెట్టను అంకుల్ దీన్ని?"

నాకు నిజంగా బాధేసింది. అక్కడికక్కడే ధైర్యం చేసి సదాశివరావుగారికి ఫోన్ కొట్టి, ఎల్సా సంగతి చెప్పాను. ఆయన ఎంతో ఓపిగ్గా, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నారు.

"అచ్ఛా, అన్యాయమేనండీ" అన్నారు. "పోర్టల్‌లో ఒక ఫిర్యాదు పెట్టమనండి, వెంటనే చూస్తాను."