పంచె కప్పిన పొయ్యి

ఆదివారం తెల్లవారేసరికి పానకాలు పెరట్లో నిలబడి సముద్రాన్ని చూస్తున్నాడు. పర్చూరు అవతల ఉన్న ఆ పల్లెకు సముద్రమున్న వాడరేవు ఇరవై మైళ్ళ పైమాటే. పెరట్లో ఉన్నవల్లా ఒక గేదె, ఒక బోరింగు, గోడ వారగా పత్తికట్టె మోపులు, వాటి పక్కన మిరపకట్టె మోపులు. అయినా పానకాలు తలచుకుంటే చాలు, సముద్రం వచ్చేది. నెమరు వేస్తున్న గేదె మూతి మీది నురగలో కూడా ఆయనకు అలలు కనిపించేవి. ఇలాంటి మనిషి మిర్చి పండించి నెగ్గుకొస్తున్నాడంటే సగం ఆ నేల చలవ, మిగతా సగం ఆయన భార్య సామ్రాజ్యం చలవ.

పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఆ ఏడు చేనుకు తెగులొచ్చింది. మరుసటేడు కోతకు కూలీలు దొరకలేదు. ఇంకోసారి బస్సు కూడా ఎక్కారు కానీ, సగం దారిలో మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయలు తడిసిపోతాయని చీరాల చేరకముందే దిగి వెనక్కి వచ్చేశారు. అలా ఇరవై ఐదేళ్ళు గడిచాయి. ఈ ఆదివారం వాళ్ళ పెళ్ళిరోజు. "ఈసారి వాడరేవు ఖాయం," అని ముందురోజు పానకాలు అంటే సామ్రాజ్యం "అట్నేలే," అంది, రేపు కోడి పాలు ఇస్తుందని ఎవరో చెబితే అన్నట్టు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఈసారి కూడా తప్పితే ఆమె ఇంక "అట్నేలే" అని కూడా అనదని ఆయనకు తెలుసు.

అందుకే ఆమెకు చెప్పకుండా అయూబ్ దగ్గర గ్రిల్లు అడిగి తెచ్చాడు. పర్చూరులో కబాబుల బండి పెట్టే అయూబ్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. నూనె డ్రమ్మును నిలువునా కోసి, కాళ్ళు అతికించి, పైన ఇనప ఊచల జాలీ పరిచిన పొయ్యి అది. ఒడ్డున కూర్చుని చేప కాల్చి, ముల్లు తీసి, వేడివేడిగా సామ్రాజ్యం చేతిలో పెట్టాలన్నది పానకాలు కల. కలలో గ్రిల్లు వెండిలా మెరిసింది. పెరట్లో మాత్రం ఏడాది నాటి కొవ్వు ఊచల మధ్య తారులా గడ్డకట్టి ఉంది.

"ముందు మంటేసి కాల్చరా," అని చెప్పాడు అయూబ్. "జిడ్డంతా పెళుసెక్కి రాలిద్ది. ఆనక చింతపండేసి తోము. పదకొండింటికి చేపలు తీసుకుని నేనే వస్తా."

సామ్రాజ్యం తెల్లారకముందే కారం పట్టించడానికి మిల్లుకు వెళ్ళింది. ఆమె వెళ్ళడం ఎవరూ చూడలేదు. ఇదే సందని పానకాలు మోపు లాగి డ్రమ్ములో కుక్కి అగ్గిపుల్ల గీశాడు. లాగాల్సింది పత్తికట్టె. మనసు అలల మీద ఉండటం వల్ల చెయ్యి మిరపకట్టె మీద పడింది. కోతల్లో వదిలేసిన తాలు కాయలు ఆ కట్టెకు ఇంకా గుత్తులుగా వేలాడుతున్నాయి.

రెండు నిమిషాల్లో ఆ పొగ సంగతి ఆయన గొంతుకు తెలిసింది. నీళ్ళు కుమ్మరిస్తే ఘాటు రెట్టింపైంది. తీగ మీద ఆరేసిన కొత్త పంచె, ప్రయాణానికి దాచుకున్నదే, లాగి నీళ్ళలో ముంచి డ్రమ్ము మీద ఈ చివరి నుంచి ఆ చివరికి కప్పేశాడు. మంట అణిగింది కానీ అంచుల్లోంచి పొగ ఊరుతూనే ఉంది. పానకాలు దాని పక్కనే ముక్కాలిపీట మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని, ధారగా కళ్ళ నీళ్ళు కార్చాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి వెంకటేశ్వరమ్మ దగ్గుకుంటూ గోడ మీదుగా తొంగిచూసింది. గోడ దాటి వాలిన మునగకొమ్మ కాయలు మాయమవుతున్నాయని సామ్రాజ్యం అన్న దగ్గర్నుంచి, ఆర్నెల్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఈ మిరపకాయల దిష్టి తన కంటికేనా అని దెబ్బలాడటానికే ఆమె వచ్చింది. తీరా చూస్తే పొడుగ్గా ఏదో తెల్లపంచె కింద ఉంది. తల దగ్గర పొగ. పక్కన మొగుడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"అన్నయ్యా, సామ్రాజ్యం ఏదీ?"

మిల్లుకెళ్ళిందని చెబుదామంటే పానకాలుకు గొంతు పెగల్లేదు. మిల్లు ఉన్న వైపుకు చెయ్యెత్తి చూపించాడు. ఆ చెయ్యి ఆకాశం వైపు లేచినట్టు వెంకటేశ్వరమ్మకు కనిపించింది. ఆమె పెట్టిన శోకానికి వీధి వీధంతా కదిలింది.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఏడ్చారు. పెరట్లో అడుగుపెట్టాక ఏడవకుండా ఉండటం ఎవరి తరమూ కాలేదు. సామ్రాజ్యంతో గట్టు తగాదా ఉన్నవాళ్ళు సైతం కళ్ళు వాచేలా ఏడ్చి, తమకు ఆమె అంటే ఇంత ప్రేమ ఉందా అని తమలో తామే ఆశ్చర్యపోయారు. ఊళ్ళో ఏ చావైనా బాపయ్య పెద్దరికం మీదే నడుస్తుంది. ఆయన ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఈ పొగేంది బాబాయ్?" అని ఎవరో అడిగారు.

"ప్రాణం మీదికొస్తే దిష్టి తీసుంటాడు, పాపం."

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేగా?"

"దిష్టి కాదు గనకే పోయింది," అన్నాడు బాపయ్య.

ముఖం చూస్తామని ఆడవాళ్ళు ముందుకు వెళ్ళబోతే ఆయనే ఆపాడు. పుట్టింటివాళ్ళు రాకుండా పంచె తియ్యకూడదు. పొన్నూరులో ఉన్న ఆమె తమ్ముడు బాలుకు ఫోన్ వెళ్ళింది. బాలు బావురుమని, ఉన్నపళంగా బయల్దేరాడు. పానకాలును నలుగురు పట్టుకుని వీధి అరుగు మీదికి మోసుకొచ్చి మొహాన నీళ్ళు కొట్టారు. ఘాటు గురించి నిలదీయడానికే ఊరంతా వచ్చిందని ఆయన అనుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు దగ్గుల మధ్య. "చూసుకోలేదు."

"అట్లా అనుకోబాక. నీ చేతిలో ఏముంది?"

"సముద్రం... సాయంత్రంలోగా సముద్రానికి తీసుకుపోవాలి. మాటిచ్చా."

అరుగు చుట్టూ చేరినవాళ్ళు మరోసారి కళ్ళు తుడుచుకున్నారు. ఆఖరి కోరిక. ఆమె అస్థికలు సముద్రంలో కలపమని అడిగి ఉంటుందని ఒకరు, అస్థికలు ఎందుకు, ఏకంగా ఒడ్డునే కార్యం కానిచ్చేద్దామని ఒకరు అన్నారు. అరగంటలో రెండు ట్రాక్టర్లు ట్రక్కులతో సహా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. వాటి వెనకే ఆటోలోంచి అయూబ్ థర్మోకోల్ పెట్టె ఎత్తుకుని దిగాడు.

"ఐసు పెట్టె వచ్చింది," అన్నారెవరో.

"మరీ ఇంత చిన్నదా?"

"సామ్రాజ్యం పొట్టి మనిషేగా."

మిల్లు దగ్గర వరసలో నిలబడి, కారం డబ్బా చంకన పెట్టుకుని సామ్రాజ్యం వీధి మలుపు తిరిగేసరికి తన ఇంటి ముందు ఊరంతా ఉంది. మొగుడికి ఏమైందోనని జనంలోకి దూసుకొచ్చి, దూరంగా అరుగు మీద ఆయన దగ్గుతూ కనిపించాక ఊపిరి పీల్చుకుంది. అప్పటికే ఆమెకూ కళ్ళు మండుతున్నాయి. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ముందున్న ముసలమ్మను అడిగింది.

"ఎవరు పోయారమ్మా?"

"సామ్రాజ్యం," అంది ముసలమ్మ వెనక్కి తిరక్కుండానే. "బంగారం లాంటి మనిషి."

సామ్రాజ్యం డబ్బాను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. ఇరవై ఐదేళ్ళలో ఆ వీధిలో ఎవరూ ఆమెను బంగారం అనలేదు. ఇంకాసేపు వింటే పోయేదేముందని అక్కడే నిలబడింది. అవసరానికి విత్తనం చేబదులు ఇచ్చిందని ఒకరు చెప్పుకున్నారు. కాన్పు రోజున నడుం పట్టిందని ఒకరు చెప్పుకున్నారు. వింటుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. చచ్చిపోయినందుకు తనకే బాధేసింది.

"ఆ మునక్కాయలు కోసింది నేనే తల్లీ," అని వెంకటేశ్వరమ్మ గుండెలు బాదుకుంది. "కోతులని అబద్ధం చెప్పా. నన్ను క్షమించు."

"నాకు తెలుసులే," అంది సామ్రాజ్యం వెనక నుంచి. "పదకొండు కాయలు."

వెంకటేశ్వరమ్మ పక్కనున్నామె భుజం మీదికి ఒరిగిపోయింది. జనం రెండుగా చీలి దారిచ్చారు. సామ్రాజ్యం అరుగు దగ్గరికి నడిచి మొగుడి ముందు నిలబడింది.

"వచ్చావా?" అన్నాడు పానకాలు కళ్ళు నులుముకుంటూ. "తొందరగా చీర మార్చుకో. సముద్రానికి టైమైంది."

తర్వాత పంచె కింద ఉన్నదేమిటో అందరికీ తెలిసింది. ఏడ్చిన ఏడుపు ఎక్కడ దాచుకోవాలో తెలియక జనం మెల్లగా ఇళ్ళ వైపు జారుకోబోయారు. బాపయ్య కర్ర నేలకు కొట్టాడు.

"ఎక్కడికి? చావింటికొచ్చి స్నానం చెయ్యకుండా గడప తొక్కుతారా?"

"ఎవరూ చావలేదు గదా బాబాయ్?"

"చావలేదు. కానీ మనం వచ్చింది చావుకే గదా?"

ఊరి మైల ఒక్క బోరింగుతో తీరేది కాదు. ట్రాక్టర్లేమో గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయి. సామ్రాజ్యం ఎవరి మొహమూ చూడకుండా కారం డబ్బా అరుగు మీద పెట్టి, ముందుగా తనే ట్రక్కు ఎక్కి కూర్చుంది. ఈసారి మబ్బు పట్టినా దిగేది లేదన్నట్టు ఇనప కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది.

సాయంత్రం వాడరేవులో ఎండ మెత్తబడింది. ఎండు చేపల వాసన మీదుగా గాలి చల్లగా వీస్తోంది. ఊరంతా నీళ్ళలో ఉంది. వెంకటేశ్వరమ్మ ప్రతి అలకూ కేక పెడుతోంది. సామ్రాజ్యం మాత్రం మోకాలి లోతులో కదలకుండా నిలబడింది. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోతుంటే ఆమె పక్కనున్న మొగుడి చెయ్యి పట్టుకుంది. పానకాలు కంట ఒక చుక్క జారింది. పొద్దుటి నుంచి కార్చిన కన్నీళ్ళలో ఇదొక్కటే ఘాటు లేనిదని ఆయనకు తెలిసింది. ఆయన ఊహించుకున్న సముద్రం కంటే ఇది పెద్దది.

"ఇరవై ఐదేళ్ళు బతికుండి అడిగితే కాలేదు," అంది ఆమె. "ఒక్క పూట చస్తే చూపించావు."

ఒడ్డు మీంచి అయూబ్ కేక వేశాడు. "ఒరేయ్ పానకాలూ, చేపలైతే వచ్చినయ్. గ్రిల్లేదిరా?"

పానకాలు తెల్లమొహం వేశాడు. రెండు ట్రాక్టర్లు, వాటి ట్రక్కుల నిండా మనుషులు వచ్చారు. గ్రిల్లు మాత్రం పెరట్లో పంచె కప్పుకుని అలాగే ఉండిపోయింది. అంతలో జేబులో ఫోన్ మోగింది. పొన్నూరు బాలు. అతనికి మళ్ళీ ఫోన్ చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"బావా," అని అవతల బాలు వెక్కుతున్నాడు. "బస్సు దారిలో ఆగిపోయి ఇప్పుడే దిగా. ఊళ్ళో ఒక్కరూ లేరేంది? అక్క దగ్గర నేనొక్కణ్ణే కూర్చున్నా. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది బావా."

ఆ మాటలు పక్కనున్న సామ్రాజ్యానికీ వినిపించాయి. పానకాలు ఫోన్ ఆమెకు ఇచ్చాడు. సామ్రాజ్యం సముద్రం మీంచి చూపు తిప్పకుండానే చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్ బాలూ, ఏడవబాక. వంటింట్లో చింతపండుంది. మేమొచ్చేలోపు ఆ పంచె తీసి, నన్ను కాస్త శుభ్రంగా తోమిపెట్టు."

అవతల ఫోన్ కింద పడిన చప్పుడైంది. గ్రిల్లు ఆ రోజు కూడా తోమలేదు.