డిపాజిట్ కదపరాదు!

రిటైరైనవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఒక అప్పు ఉండి తీరాలి! నిడదవోలులో అప్పు లేని ఇల్లేదైనా ఉంటే, దయచేసి ఈ వారమే ఒకటి చేసేయండి.

నవ్వకండి. అప్పు లేని రిటైర్డ్ మనిషికి ఫోనెవరు చేస్తారు? అప్పుంటే బ్యాంకువాళ్లు మేనల్లుడికన్నా మర్యాదగా నెలనెలా పలకరిస్తారు.

పెరిగే ధరలంటారా? అవి ఫీజు తీసుకోని డాక్టర్లు! కోనసీమని పక్కనే పెట్టుకుని, కొబ్బరికాయ ధర అడిగి ఉత్త సంచితో తిరిగొచ్చేవాళ్లకి కొలెస్ట్రాల్ ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఏటి హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం చదివాక కూడా కుర్చీలోంచి జారిపోలేదంటే, మీ గుండెకి వేరే పరీక్షలు దండగ!

ఈ శాస్త్రాన్ని ఒంటబట్టించుకున్నవారు ఇరిగేషన్‌లో చేసి రిటైరైన జగన్నాథరావుగారు. ఆ శాస్త్రానికి గాజులిచ్చినావిడ ఆయన భార్య వెంకటదుర్గ.

కిందటేడు శ్లాబు కారింది. బాగుచేయించడానికి రెండు లక్షలు కావాలి. "ఐదు లక్షల డిపాజిట్ ఉంది కదండీ" అంది వెంకటదుర్గ. ఆయన చెవులు మూసుకున్నారు.

"ఎఫ్‌డీ కదిపితే లక్ష్మి కదిలిపోతుందే!"

ఆ కదలని లక్ష్మి తెచ్చే వడ్డీ ఆరున్నర శాతం. అందుకని ఆవిడ ఆరు గాజులు అదే బ్యాంకులో తాకట్టు పెట్టి, తొమ్మిదిన్నర శాతానికి అప్పు తెచ్చారు! బ్యాంకుకి ఇంతకన్నా దానకర్ణుడు దొరుకుతాడా? వెంకటదుర్గ మాత్రం ఆ తేడాని పాలపాకెట్లలో లెక్కేసుకుంది. రోజుకొకటి చొప్పున ఆర్నెల్ల పాలు.

ఇంతలో నరసాపురంలో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లి పది రోజుల్లోకి వచ్చింది. గాజులు విడిపిద్దామంటే, "గిల్టువి వేసుకో. బంగారంతో రైలెక్కడం ప్రమాదం" అన్నారాయన. చూశారా, అప్పుంటే దొంగల భయం కూడా లేదు!

అప్పు గడువు నిండింది. ఆయనకి మోకాలి నొప్పి. వడ్డీ డబ్బు ఆవిడ చేతికిచ్చి, కాగితాల మీద పెన్సిల్‌తో ఇంటూలు పెట్టారు. "ఇంటూ ఉన్నచోటల్లా సంతకం పెట్టి వచ్చేయ్. రెన్యువల్ అయిపోతుంది."

బ్యాంకులో హారతి అనే అమ్మాయి కంప్యూటర్ చూసి అడిగింది. "రెన్యువల్ ఎందుకండీ? మీ డిపాజిట్‌తో తీర్చేసుకోవచ్చు కదా?"

"అది మా వారిదమ్మా. కదపకూడదంట."

"కాదండీ, మీ ఒక్కరి పేరునే ఉంది. లోనూ మీ పేరునే."

అవును మరి! పన్ను కలిసొస్తుందని డిపాజిట్ ఆవిడ పేరున వేశారు. బంగారం ఆవిడది కాబట్టి అప్పూ ఆవిడ పేరునే. పదేళ్లుగా ఇంటూ కనబడ్డ చోటల్లా సంతకం పెట్టిందే తప్ప, దాని పైన ఏం రాసుందో ఆవిడెప్పుడూ చదవలేదు.

వెంకటదుర్గ ఆ కాగితాల్ని పక్కకి నెట్టేసింది.

"ఇంటూ లేని కాగితం ఒకటివ్వమ్మా."

సాయంత్రం ఆరు గాజుల చేత్తో కాఫీ అందిస్తుంటే జగన్నాథరావుగారు అదిరిపడి లేచారు. "ఎఫ్‌డీ విరగ్గొట్టేశావా? నన్నొక్క మాట అడగొద్దూ?"

"గాజులు తాకట్టు పెట్టేప్పుడు మీరు నన్నెలా అడిగారో, నేనూ అలాగే అడిగానండీ. కంగారుపడకండి, మిగిలింది మళ్లీ డిపాజిట్ వేశాను. నామినీ మీరే."

కాబట్టి అయ్యలారా, అప్పు చేయండి. ఆవిడ పేరునే చేయండి. రెన్యువల్‌కి మాత్రం ఆవిడని ఒంటరిగా పంపకండి. ఈమధ్య బ్యాంకుల్లో చదువుకున్న ఆడపిల్లలు కూర్చుంటున్నారు!