ఓక్ చెట్టు కింద ముగ్గురు రోగులు

ఆ శనివారం ఎవాజియో వేసుకున్న పథకంలో విశేషమేమీ లేదు. ఆరున్నరకల్లా వ్యాను కొండ మీదికి ఎక్కించడం, డ్రోన్ ఎగరెయ్యడం, ఎర్రబడిన ద్రాక్షతోటల మీద తొలి ఎండ పడుతుంటే ఐదు నిమిషాల వీడియో తియ్యడం, తొమ్మిదింటికి ఇంటికొచ్చి అక్క కలిపే మొక్కజొన్న సంకటి వేడివేడిగా తినడం. అంతే.

రొక్కాసెర్రాలో అతను ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపాడు. ఊళ్ళో పిల్లలు తగ్గిపోయి బస్సు ఆగిపోయాక, యాభై ఏడో ఏట డ్రోన్ నేర్చుకున్నాడు. ఊరు దానికి 'ఎవాజియో దోమ' అని పేరు పెట్టి నవ్వుకుంది తప్ప ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి ద్రాక్షరైతుల సంఘం అధ్యక్షురాలు డెల్ఫీనా ఒక అవకాశం ఇచ్చింది. ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో నాలుగు ఊళ్ళ వీడియోలు వేస్తారు. అందులో మేలైనది తీసినవాడికి ఏడాది పొడుగునా అన్ని తోటల చిత్రీకరణా దక్కుతుంది. "నీ బస్సులాగా కుదుపులు లేకుండా తియ్యి, చాలు," అందావిడ.

కుదుపులు రాలేదు. లోయ నిండా పాలు పొంగినట్టున్న మంచు మీదుగా డ్రోన్ తేలిపోయింది. మొదట అంతా బూడిద రంగే. కొండ మలుపు తిరిగి ఓక్ అడవి పైకి రాగానే మంచు విడింది. ఎండ ఒక్కసారిగా చెట్ల మీద దొర్లింది. చేతిలో ఉన్న చిన్న తెర మీద అది చూస్తూ ఎవాజియో ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. అప్పుడే ఆ బంగారు వెలుగు మధ్యలో ఒక ముసలాయన ధబీమని బోర్లా పడ్డాడు.

పక్కనే కుక్క ఆకాశంకేసి మొరుగుతోంది. కుక్కను బట్టి మనిషి తెలిసింది. అది బిర్బా, కాబట్టి ఆయన సెకొండో బాబాయ్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎవాజియో గుండె ఝల్లుమంది. దగ్గరగా చూద్దామని డ్రోన్ కిందికి దించాడు. అది దిగినకొద్దీ ముసలాయన నేలకు ఇంకా కరుచుకుపోయాడు.

"అక్కా! సెకొండో బాబాయ్ అడవిలో పడిపోయాడు! కదలడం లేదు!" అని ఫోన్లో అరిచాడు.

అతని అక్క ఒర్తెన్సియా ఊరి అంబులెన్సు దళానికి పెద్ద. పది నిమిషాల్లో సైరన్ లోయంతా మోగింది. సైరన్ వెనక ఊరూ బయల్దేరింది.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ఎవాజియోనే. "బాబాయ్! బాబాయ్! నొప్పి ఎక్కడ?"

సెకొండో ఒక కన్ను తెరిచాడు. "నీ దోమ తగలెయ్య! నొప్పి లేదు, గిప్పి లేదు. నా పొట్ట కింద గొయ్యి ఉందిరా!"

ఎవాజియోకు అప్పుడు వెలిగింది. తెల్ల ట్రఫుల్! ఓక్ వేళ్ళ దగ్గర నేలలో దాక్కుని, శిక్షణ పొందిన కుక్క ముక్కుకు తప్ప దొరకని, బంగారం ధర పలికే పుట్టగొడుగు. అది దొరికే చోటును పెద్దవాళ్ళు ప్రాణం పోయేటప్పుడు గాని కొడుకులకు చెప్పరు. అలాంటి చోటికి అతను సైరన్ వేయించి ఊరిని పిలిచాడు.

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్?"

"చేసేదేముంది? నాకు గుండెపోటు వచ్చింది. నన్ను తీసుకుపోగానే నువ్వు దీని మీద కూర్చో. లేచావో, నిజంగానే పోతాను."

ఒర్తెన్సియా మనుషులు వచ్చి సెకొండోను స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఆయన చక్కగా మూలిగాడు. ఆ ఖాళీలో ఎవాజియో చటుక్కున కూలబడ్డాడు. చుట్టూ జనం. వాళ్ళలో ట్రఫుల్ వేటగాళ్ళే ఐదుగురు. పైగా బిర్బా అతని వెనక చేరి, ముక్కు అతని కిందికి దూర్చసాగింది.

"ఏమయ్యా, కుక్క నీ కింద ఏం వెతుకుతోంది?" అన్నాడు ఒకడు అనుమానంగా.

"వెనక జేబులో జున్నుముక్క ఉంది."

"సరేగానీ లే. అందరికీ అడ్డంగా ఏమిటా కూర్చోడం?" అంది ఒర్తెన్సియా.

"లేవలేనక్కా."

"కాళ్ళకేమైంది?"

"కాళ్ళు బాగానే ఉన్నాయి. లేవలేను." ఏదో ఒకటి చెప్పాలి కనక, "తల తిరుగుతోంది," అన్నాడు.

ఒర్తెన్సియా మొహం పాలిపోయింది. ముప్పై ఏళ్ళుగా తమ్ముణ్ణి తిట్టి పోషించిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని అతని చెంపలు పట్టుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, నా మొహం చూడు. పోయేముందు నాన్నా ఇలాగే అన్నాడురా." ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఎవాజియో నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కానీ ఐదుగురు వేటగాళ్ళూ చెవులు రిక్కించి ఉన్నారు.

"ఇద్దరికీ ఒకే చోటా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. "ఇక్కడ గాలిలో ఏదో ఉంది!"

ఆ ఒక్క మాటకు గుంపు నలభై అడుగులు వెనక్కి పోయింది. ఇదే అదనని ఎవాజియో బిర్బాను ఒడిలోకి లాక్కుని, రెండు చేతులా మట్టీ ఆకులూ గోతిలోకి తోసేశాడు. కుక్క మొరగలేదు. గింజుకోలేదు. నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. దాని నోట్లో కోడిగుడ్డంత ట్రఫుల్ ఉంది.

"అయ్యో, కుక్క చూడండి! నోట మాట లేదు దానికి!" అని దూరంనుంచి ఎవరో కేక పెట్టారు.

మూడో రోగితో విషవాయువు ఖాయమైపోయింది. అగ్నిమాపక దళం వచ్చి అడవి చుట్టూ ఎర్ర పట్టీ కట్టింది. వేటగాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, ఇక జన్మలో ఇటు రామని కొండ దిగిపోయారు. ఎవాజియోను, బిర్బాను ఒకే స్ట్రెచర్ మీద మోసుకుపోయారు.

ఆస్పత్రిలో సెకొండోకూ ఎవాజియోకూ పక్కపక్క మంచాలు పడ్డాయి. "మీ ఇద్దరి గుండెలూ నా గుండెకంటే బాగున్నాయి. సాయంత్రం ఇంటికి పొండి," అన్నాడు డాక్టరు. ఒర్తెన్సియా బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చి, లోపలికొచ్చి తమ్ముణ్ణి మామూలుగా తిట్టింది. బిర్బా మాత్రం దారిలోనే ట్రఫుల్ మింగేసింది. ఆ వార్త విన్నప్పుడు సెకొండోకు గుండెపోటు నిజంగానే వస్తుందేమోననిపించింది.

మధ్యాహ్నం డెల్ఫీనా వచ్చింది. బ్యాటరీ తగ్గి తనంతట తాను వ్యాను దగ్గరికి చేరిన డ్రోన్ ఆవిడ చేతిలో ఉంది. "నువ్వు బతికావు, సంతోషం. వీడియో ఏదీ?"

ఎవాజియో చిన్న తెర మీద ఒకసారి చూసుకున్నాడు. మంచు విడిన ఆ రెండు నిమిషాలంత అందమైనది అతను జీవితంలో తీసి ఎరగడు. ఆ వెలుగు నట్టనడుమ సెకొండో, కుక్క, గొయ్యి, ఏ ఓక్ చెట్టో వేలుపెట్టి చూపించేంత స్పష్టంగా ఉన్నాయి. పక్క మంచం మీద ముసలాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు గాని ఊపిరి బిగపట్టాడు.

ఎవాజియో మొత్తం చెరిపేశాడు.

"ఏం రాలేదండీ. అంతా మంచే."

"నా తప్పులే," అంది డెల్ఫీనా. "బస్సు నడిపేవాణ్ణి నమ్మాను." కోప్పడినా బాగుండేది, ఆవిడ మెల్లగా తలుపు వేసి వెళ్ళిపోయింది.

పక్క మంచం మీంచి సెకొండో గొంతు వినపడింది. "ఒరేయ్, రేపు ఐదింటికి మా గేటు దగ్గరుండు. నీ దోమను తెచ్చుకో, ఫోను తేకు. ఎవరైనా అడిగితే చర్చికి పోతున్నామను."

ఆదివారం చీకటి విడకముందే ముసలాయన అతన్ని ముళ్ళపొదల్లోంచి, ఎండిన వాగులోంచి నడిపించి ఒక గట్టు మీద నిలబెట్టాడు. "ఇక్కడ పుట్టగొడుగు దొరకదు," అన్నాడు. "నలభై ఏళ్ళుగా ఊరికే వస్తుంటాను. చూడు." మంచులోంచి ఏడు కొండలు, ఏడు ఊళ్ళ చర్చి గంటగోపురాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఎవాజియో డ్రోన్ ఎగరేశాడు.

సాయంత్రం హాల్లో అతని ఐదు నిమిషాల వీడియో ఆడినంతసేపూ ఎవరూ దగ్గలేదు. దీపాలు వెలిగాక డెల్ఫీనా లేచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఏడాది పని అతనిదేనని అందరి ముందూ చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, "ఎక్కణ్ణుంచి తీశావయ్యా ఇది?" అంది.

వెనక వరసలో సెకొండో కప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"ఏదో దారి తప్పానండీ," అన్నాడు ఎవాజియో.

మర్నాటినుంచి పొద్దున్నే అతని వ్యాను కదిలితే చాలు, ఆ గట్టు ఎక్కడో కనిపెట్టాలని పక్క ఊళ్ళ డ్రోన్ల వాళ్ళ రెండు కార్లు దీపాలు ఆర్పుకుని వెనక బయల్దేరుతున్నాయి. అతను తొందరపడకుండా ఊరి చుట్టూ మూడు చుట్లు తిరుగుతాడు. వాళ్ళు సాధారణంగా రెండో చుట్టుకే కాఫీకి ఆగిపోతారు.