శ్రీలంకలో పెళ్లికొడుకు

ఆ ఆదివారం సింధూజ వేసుకున్న ప్లాను చాలా తేలికైనది. మధ్యాహ్నానికి బోధన్ నుంచి రామకోటేశ్వరరావు దంపతులు వస్తారు. వాళ్ల అమ్మాయి సాహిత్య, సింధూజ మరిది శ్రావణ్ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. ఏడాదిగా ససేమిరా అంటున్న రావుగారు చివరికి "సరే, ఇల్లూ మనుషులూ చూసొస్తాను" అన్నారు. మంచి భోజనం పెట్టి, మర్యాదగా మాట్లాడి పంపితే చాలు.

అయితే ఆ ఇంట్లో సింధూజ కూతురు, ఐదేళ్ల అంకిత ఉంది. గోడమీది చెమ్మ మరక కనపడకుండా శ్రావణ్ ఒకసారి హాల్లో ఇండియా మ్యాపు తగిలించాడు. అంకితకు అప్పట్నుంచి అదే లోకం. అక్షరాలు కూడబలుక్కుని ఊళ్ల పేర్లన్నీ చదివేసి, చాక్‌పీసు పట్టుకుని ఇంటినే దేశం చేసేసింది. ఎప్పుడూ వేడిగా ఉండే వంటగది రాజస్థాన్. నీళ్లు కారే బాత్‌రూమ్ చిరపుంజి. కూలర్ ఉన్న నానమ్మ గది కశ్మీర్. వాకిలి దాటాక విడిగా ఉండే శ్రావణ్ గది శ్రీలంక. ఇంట్లోవాళ్లూ ముచ్చటపడి అలాగే పిలవడం మొదలుపెట్టారు.

హాల్లో సింధూజ ఫోను మోగితే అంకిత ఎత్తింది.

"బయల్దేరామని చెబుదామని చేశానమ్మా. మీ అమ్మేదీ?" అన్నారు రావుగారు.

"అమ్మ రాజస్థాన్ల ఉంది."

"మరి నాన్న?"

"బాపు చిరపుంజికి పోయిండు. ఎంతసేపాయె, ఇంక రాలే."

"మీ చిన్నాన్న శ్రావణ్?"

"చిన్నబాపు శ్రీలంకల ఉంటడు. బువ్వ తినెటప్పుడే ఇండియాకు వస్తడు."

"మరి నీ దగ్గరెవరున్నారు తల్లీ?"

"నానమ్మ. కశ్మీర్ల పండుకుంది. లేపితే లేస్తలేదు."

దారిలో ఎడపల్లి దగ్గర కారు ఆపేశారు. రావుగారు కూతురికి ఫోన్ చేసి నిలదీశారు. సాహిత్య శ్రావణ్‌కు చేసింది. ముఖమంతా షేవింగ్ నురగతో ఉన్న శ్రావణ్ ఎత్తలేదు. పిల్ల చెప్పింది నిజమేనేమో అన్న అనుమానం కాస్తా రూఢి అయింది.

"పెళ్లి సంగతి తర్వాత. ఆ ముసలావిడకేమైందో!" అంటూ రావుగారి భార్య రత్తమ్మ, సింధూజ వాళ్ల వీధిలోనే ఉండే తన స్నేహితురాలు గంగుబాయికి చూసి రమ్మని ఫోన్ చేసింది.

గంగుబాయి ఒక్కతే రాలేదు, సగం వీధిని వెంటబెట్టుకొచ్చింది. కూలర్ హోరులో గాఢంగా నిద్రపోతున్న నానమ్మ హన్మవ్వను చూడగానే మంచంమీద పడి ఏడుపు అందుకుంది. హన్మవ్వ ఉలిక్కిపడి లేచింది. ఇంటినిండా జనం. ఎందుకైనా మంచిదని తనూ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని ఏడవసాగింది.

"ఎవలు పోయిండ్రే గంగూ?"

"నువ్వేనవ్వా!" అంది గంగుబాయి వెక్కుతూ.

సరిగ్గా అప్పుడే రావుగారి కారు గుమ్మం ముందు ఆగింది. ఏడుపులు విని వంటగదిలోంచి గరిటెతో సింధూజ, బాత్‌రూమ్‌లోంచి తువ్వాలుతో ఆమె భర్త, వాకిట్లోంచి సగం గీసిన గడ్డంతో శ్రావణ్ ఒక్కసారే పరుగెత్తుకొచ్చారు. నేలమీది చాక్‌పీసు రాతలు చూపించి సింధూజ సంగతంతా చెప్పింది. వీధి నవ్వింది. రావుగారు నవ్వలేదు.

"మా ప్రాణాలు తోడేశారు కదండీ! పద రత్తమ్మా" అంటూ వెనక్కి తిరిగారు. శ్రావణ్ ముఖం నురగకంటే తెల్లబడింది.

అంకిత ఆయన చొక్కా పట్టుకుంది. "తాతా, మీదే ఊరు?"

రావుగారి తండ్రి ఎప్పుడో కాలువకింది పొలంకోసం కోస్తానుంచి బోధన్‌కు వచ్చారు. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ఊరు చెప్పగానే "అది కాదు సార్, అసలు ఊరు?" అని అడగనివాళ్లు లేరు.

"బోధన్" అని, ఆ రెండో ప్రశ్న కోసం ఆగారు.

అంకిత దగ్గర రెండో ప్రశ్న లేదు. "బోధన్ మన జిల్లనే! గిదిగో, మన పక్కకే" అంటూ నేలమీద గుండ్రంగా గీత గీసింది. "గిది నీ ఊరు. గీడ కూసో తాతా."

రావుగారు చెప్పులు విడిచి, మోకాలు పట్టుకుని మెల్లగా ఆ సున్నాలో కూర్చున్నారు.

"అమ్మా, కాసిని మంచినీళ్లు ఇప్పించండి" అన్నారు.

సాయంత్రానికి పెళ్లి ఖాయమైంది. విందులో పచ్చిపులుసు వడ్డించాలా, ఉలవచారు వడ్డించాలా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.