పసుపు యార్డులో ప్రోగ్రాం హత్య

ఫోన్ పెట్టేసి, మా ఆయన మహేందర్ కాలరు సర్దుకుని ప్రకటించాడు: "సుమనా, ఈ జిల్లాల నా అంత మెదడు ఇంకోటి లేదని ఇయ్యాల తేలింది."

శుభవార్తే. జక్రాన్‌పల్లి పసుపు వ్యాపారి రాజేశ్వరన్న కొత్త కంప్యూటర్ కొన్నాడు. మా ఆయన రాసిన తూకం ప్రోగ్రాం దానిమీద నడిస్తే కాంటా పనంతా మాకే. పెళ్లయ్యాక మా మొదటి పని. కానీ ట్రాక్టర్ కాంటా ఎక్కగానే ప్రోగ్రాం ఆగిపోతోందట. సాయంత్రంలోగా నడవకపోతే వేరేవాళ్లను పిలుస్తాడట.

"ఆగిపోవుడు కాదు, హత్య," అన్నాడు బైకు తీస్తూ.

యార్డుకు చేరగానే కీబోర్డు మీదికి వంగాడు. "పచ్చటి వేలిముద్రలు. ఎవరూ కదలొద్దు. చేతులు సూపెట్టుండ్రి."

రాజేశ్వరన్న చేతులు పచ్చగా ఉన్నాయి. కాంటా ఊడ్చే నాగవ్వవీ అంతే. పెళ్లి పసుపు వదలని నావి మరీ.

"ఇంత పెద్ద ముఠానా," అని గొణిగాడు.

"తమ్మీ, పసుపు యార్డుల తెల్లచెయ్యి కనవడితే గప్పుడు అనుమానించు," అన్నాడు రాజేశ్వరన్న.

తర్వాత సాక్షి విచారణ. సాక్షి అంటే డీబగ్గర్, ప్రోగ్రాం ఏ వరుసలో పడిపోయిందో చూపించేది. అదేమో ఈ ప్రోగ్రాంను ముట్టనంది.

"సాక్షిని బెదిరించిండ్రు."

"అది ముప్పై రెండు బిట్లదండీ. కొత్త కంప్యూటర్ కోసమని ప్రోగ్రాంను మీరే అరవై నాలుగుకు మార్చిండ్రు. తెర మీద పక్కనే అరవై నాలుగు డీబగ్గర్ ఉన్నది గదా."

"డిటెక్టివ్ పనిల ఇంటోళ్లు తలదూర్చొద్దు."

వేలిముద్రలు ఎత్తడానికి కీబోర్డు మీద టేపు అదిమి అంటించాడు. ఏ మీటలు నొక్కుకుపోయాయో, పక్కనున్న డీబగ్గర్ ప్రోగ్రాంతో సహా తెరుచుకుంది. అప్పుడే ఓ ట్రాక్టర్ కాంటా ఎక్కింది. తెర ఒక వరుస దగ్గర ఆగింది.

తూకం అంకె కంప్యూటర్‌లో ఎక్కడుందో చెప్పే అరవై నాలుగు బిట్ల చిరునామాను ముప్పై రెండు బిట్ల డబ్బాలో కుక్కారు. సగం తెగిపోయింది. మిగిలిన సగం పట్టుకుని వెళ్లిన ప్రోగ్రాం దారితప్పి కూలింది. ఆ వరుస పైన రాసినవాడి పేరు: మహేందర్.

మా ఆయన మళ్లీ కాలరు సర్దుకున్నాడు.

"నేరస్తుడు చానా తెలివైనోడు," అన్నాడు.

"గా తెలివి గురించి పొద్దున ఫోన్ల నీ నోటనే ఇన్న," అన్నాడు రాజేశ్వరన్న.

మా ఆయన డబ్బా పెద్దది చేశాడు. ట్రాక్టర్ మళ్లీ ఎక్కింది, తూకం వచ్చింది. రాజేశ్వరన్న అతని భుజం తట్టాడు. "పని నీదే తమ్మీ. ఇందల్వాయి కాంటకు గూడ గిదే రోగం. రేపు రా. చెల్లెను తోల్కరా, మర్సిపోకు."

రేపు ఇందల్వాయి పోతున్నాం. బండి డిటెక్టివ్ నడుపుతాడు, డీబగ్గర్ నేను తెరుస్తాను.